సిక్కందర్ కొట్లో వంకర గీతలు

తేన్మొళికి మెడనొప్పి మొదలయ్యాక ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ కంగారుపడింది ఆమె అత్తగారు వడివాంబాళ్. కాకపోతే ఆవిడ కంగారు తిట్ల రూపంలో బయటికొచ్చేది.

"పలకంత కంప్యూటర్‌లోకి తల దూర్చి పొద్దస్తమానం కూర్చుంటే మెడ పట్టెయ్యక ఏం చేస్తుంది? ఇంకొన్నాళ్లుంటే అందులోనే పడిపోయేలా ఉన్నావు" అంటూనే వేడిచేసిన నువ్వులనూనె తెచ్చి కోడలి మెడకి మర్దన చేసేది. ఆవిడ చేతులు మొరటువి. మర్దన పూర్తయ్యేసరికి మెడనొప్పి తగ్గి భుజాల నొప్పి పట్టుకునేది.

తేన్మొళిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటల్ని విని, రిపోర్టులుగా టైపు చెయ్యాలి. చెన్నై సైదాపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన చిన్న బల్ల, దాని మీద చిన్న ల్యాప్‌టాప్, అదే ఆమె ఆఫీసు. భర్త ఇళంగో ఒరగడంలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. పెద్ద మానిటర్ ఒకటి కొనుక్కుంటే తల ఎత్తి పనిచేసుకోవచ్చు కదా అన్నాడు అతను. కొత్తది దండగ, పెద్ద కంపెనీలు వాడి తీసేసినవాటిని శుభ్రం చేసి రిచీ స్ట్రీట్‌లో అమ్ముతారు, అక్కడ చూద్దాం అనుకుంది తేన్మొళి.

"నేనూ వస్తా" అంది వడివాంబాళ్.

"మీకేం తెలుస్తుంది అత్తయ్యా? అవి మానిటర్లు, ములక్కాడలు కావు."

"వస్తువు ఏదైతేనేం, లోపం లోపమే. నువ్వు ఒక్కదానివే వెళ్తే కొట్టువాడు ఏది చేతిలో పెడితే దానికి థాంక్యూ చెప్పి తెచ్చుకుంటావు."

ఆ మాటనే హక్కు ఆవిడకుంది. గిండీలో ఎగుమతి బట్టలు కుట్టే కంపెనీలో ముప్పయ్యేళ్లు చెకింగ్ సెక్షన్‌లో పనిచేసింది. చొక్కాని వెలుతురుకి ఎత్తి పట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కుట్టు వెంబడి చూపు సారించేది. కుట్టు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ చొక్కా వెనక్కి వెళ్లాల్సిందే. కుట్టుమిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లు ఆవిడ వస్తుంటే "వచ్చిందమ్మా మెల్లకన్ను" అని గొణుక్కునేవారు. ఆవిడ అది విని లోలోపల మురిసిపోయేది.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్లిద్దరూ మౌంట్ రోడ్డు బస్సెక్కారు. రిచీ స్ట్రీట్ మొదట్లో దిగేసరికే అట్టపెట్టెలు మోసుకుపోయే బండ్లవాళ్లు తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తున్నారు. వడివాంబాళ్ కోడలి మోచెయ్యి పట్టుకుంది. జనంలో కోడలు తప్పిపోకుండా పట్టుకున్నానని ఆవిడ అంది గానీ, గుంతలున్న చోట అడుగు ఆచితూచి వేస్తోందని తేన్మొళి గమనించలేదు.

సిక్కందర్ కొట్టు మేడ మీద. నిటారుగా ఉన్న మెట్లెక్కి వెళ్తే ఒక పొడుగాటి గది, గోడ పొడవునా మానిటర్లు. వెనకవైపు పాత కంపెనీల స్టిక్కర్లు కొన్నిటికి ఇంకా ఊడలేదు. సిక్కందర్ యాభై దాటిన మనిషి, తెల్ల టోపీ, భుజం మీద పసుపుపచ్చ గుడ్డ. మాట్లాడుతున్నంతసేపూ ఆ గుడ్డతో ఏదో ఒక తెర తుడుస్తూనే ఉంటాడు.

"రండమ్మా, కూర్చోండి. ఏం పనికి చెల్లెమ్మా? ఆటలకా, ఆఫీసుకా?"

"టైపింగుకి భాయ్. రోజంతా అక్షరాలే చూడాలి."

"అయితే ఇరవై నాలుగంగుళాలది తీసుకో. కింద ఈ కాలు ఉంది చూడు, పైకీ కిందికీ జరుగుతుంది. మెడ వంచక్కర్లేదు."

వడివాంబాళ్ ఆ మానిటర్ వెనక్కి వెళ్లి ముందు దాని వీపు చూసింది. "ఎవరు పారేశారు దీన్ని?"

"పారెయ్యలేదమ్మా. ఓఎంఆర్ రోడ్డులో ఒక కంపెనీ వేరే బిల్డింగుకి మారింది. మారుతూ సామాను తీసేశారు."

"మంచిదైతే ఎందుకు వదిలేసిపోతారు? ఏదో రోగం ఉండే ఉంటుంది."

"మీరు ఇల్లు మారేటప్పుడు పాత చాప వదిలెయ్యరా అమ్మా? చాపకేం రోగం?"

"నేను చాప కూడా మోసుకుపోతా."

సిక్కందర్ పెద్దగా నవ్వి వైరు తగిలించాడు. తెర మొత్తం తెల్లబడింది, తరవాత నల్లబడింది, ఎర్రబడింది. పచ్చరంగు వచ్చేసరికి వడివాంబాళ్ ముందుకి వంగి కుడివైపు పైమూల మీద వేలు పెట్టింది.

"ఇదేంటి, ఆవగింజ?"

సిక్కందర్ కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని చూశాడు. నిజమే, అక్కడ వెలగని చుక్క ఒకటి ఉంది. తేన్మొళికి ఎంత చూసినా అది కనపడలేదు.

"అమ్మా, నేను దీన్ని రెండుసార్లు తుడిచాను, నాకు దొరకలేదు. మీరు రేపటి నుంచి నా కొట్టుకి వచ్చెయ్యండి."

"టిఫిన్ పెడతావా?"

"మసాలా వడ పెడతా."

అంతటితో ఇద్దరికీ స్నేహం కుదిరింది. సిక్కందర్ ఆ మానిటర్ పక్కన పెట్టేసి ఇంకోటి దించాడు. ఈసారి రంగులన్నీ అయ్యాక తెర నిండా నిలువు గీతలు, అడ్డ గీతలు, చిన్న చిన్న గళ్లు వచ్చాయి. గళ్లు చూడగానే వడివాంబాళ్‌కి పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది. స్టూలు మీద కూర్చుని, నడుము నిటారుగా చేసి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో తెర మధ్యకి చూసింది.

"ఇది వంకర."

"ఏది అమ్మా?"

"ఈ నిలువు గీత. నడిమధ్యలో లోపలికి పోయింది. దాని పక్కది కూడా. చీర మడత నలిగినట్టుంది."

సిక్కందర్ చూశాడు. తేన్మొళీ చూసింది. గీతలు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. కానీ ఆవగింజని పట్టుకున్న మనిషి చెబుతోంది కదా అని సిక్కందర్ ఎదురు చెప్పకుండా మూడోది తెచ్చాడు. ఆవిడ మళ్లీ ఎడమ కన్ను మూసింది.

"ఇదీ అంతే. మధ్యలో మసక కూడా ఉంది. ఎవరో బొటనవేలు అద్దినట్టు."

సిక్కందర్ గుడ్డతో తుడిచాడు. మసక పోలేదంది ఆవిడ. నాలుగోది పెట్టాడు. అదీ వంకరే. వైరు మార్చాడు. చివరికి కింద ఉన్న కంప్యూటర్ పెట్టె కూడా మార్చాడు. వంకర మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"అమ్మా" అన్నాడు, గొంతులో నవ్వు తగ్గిపోయి. "కంపెనీలు వేరు, తెరలు వేరు. అన్నీ ఒక్కచోటే వంకరపోతాయా? బేరం చెయ్యాలనుంటే నేరుగా చెయ్యండి, ఎందుకీ తిప్పలు?"

"బేరం కోసం లేని వంక చెప్పే మనిషిలా కనపడుతున్నానా? ముప్పయ్యేళ్లు గీతలు చూసి బతికినదాన్ని. వంకరుంటే వంకరని చెప్పొద్దా?"

తేన్మొళికి సిగ్గుగా అనిపించింది. అత్తగారిని ఎలా ఊరుకోబెట్టాలా అని చూస్తుండగా ఆమె చెవుల్లో ఒక గొంతు మెదిలింది. వారం వారం ఆమె వినే ఒక కంటి డాక్టర్ గొంతు. ఒక కన్ను మూసుకుంటే నిలువు గీతలు వంగినట్టు కనబడుతున్నాయని పేషెంటు చెబుతున్నారు. మధ్యలో మసక మచ్చ. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు టైపు చేసిందో, ఎవరి కన్నో తెలియకుండానే చేసింది.

ఆమె అత్తగారి పక్కకి వెళ్లి నిలబడింది.

"అత్తయ్యా, ఈసారి కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూడండి."

"ఎందుకే? నాకు ఇదే అలవాటు."

"ఒక్కసారి. నా కోసం."

వడివాంబాళ్ విసుక్కుంటూనే అరచేత్తో కుడి కన్ను మూసుకుంది. తెర వైపు చూసింది. చెయ్యి ఎడమ కంటి మీదికి మార్చింది. మళ్లీ కుడి కంటి మీదికి. అలా కాసేపు మార్చి మార్చి చూసి, చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"దుమ్ము" అంది. "ఈ కొట్టు నిండా దుమ్మే. కంట్లో పడింది."

సిక్కందర్ ఏదో అనబోయి, తేన్మొళి ముఖం చూసి ఆగిపోయాడు.

వడివాంబాళ్ పైటచెంగుతో కన్ను తుడుచుకుని లేచి నిలబడింది. "ఇదే బాగుంది భాయ్. ఎంత చెబితే అంతే. కట్టెయ్యి, పోదాం."

అప్పుడు తేన్మొళికి నిజంగా భయమేసింది. కరివేపాకు రెబ్బ దగ్గర కూడా బేరం వదలని మనిషి ఎంత చెబితే అంత అంటోంది.

"ఇవాళ వద్దు భాయ్. మేం ఆసుపత్రికి వెళ్లాలి."

"ఎవరు వెళ్లాలి? నీ మెడ కోసం వచ్చాం మనం. మానిటర్ తీసుకునే వెళ్తాం."

"నా మెడ రేపూ ఉంటుంది అత్తయ్యా."

"మానిటర్ కూడా ఉంటుంది" అన్నాడు సిక్కందర్. ఆవిడ కళ్ల ముందే ఆ మానిటర్‌ని తీసి, తుడుస్తున్న పసుపు గుడ్డ దాని మీద కప్పి, తన బల్ల కిందికి తోశాడు. "ఎవరడిగినా ఇవ్వను. మీరు వచ్చి మళ్లీ వంకలు పెట్టాల్సిందే. ముందు వెళ్లి రండమ్మా." అని తనే మెట్లు దిగి వచ్చి ఆటో మాట్లాడి ఎక్కించాడు.

ఆటో ఎగ్మూరులోని కంటి ఆసుపత్రి వైపు తిరిగాక తేన్మొళి అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

"ఆడి నెలలో, ఆషాఢంలో అనుకుంటా. ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్నప్పుడు కిటికీ ఊచలు వంగినట్టు కనపడేవి. నిద్రమత్తు అనుకున్నా. లేచి కూర్చుంటే మామూలే."

"ఎందుకు చెప్పలేదు?"

ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడు ఆవిడ మెల్లగా అంది. "మా సెక్షన్‌లో సౌందరవల్లి అని ఉండేది. నాకు పని నేర్పింది ఆమే. చూపు తగ్గిందని తెలిసిన రోజే దండ వేసి, స్వీటు పెట్టి ఇంటికి పంపేశారు. గేటు దాకా నేనే వెళ్లి దింపొచ్చాను. చూపు లేని చెకర్ని ఎవరు ఉంచుకుంటారే? ఇంట్లో మాత్రం? పొయ్యి దగ్గరికి పోవద్దంటారు, మెట్లెక్కొద్దంటారు. ఒక మూల కూర్చోబెట్టి అన్నం పెడతారు."

"మన ఇల్లు మీకు కంపెనీలా కనిపిస్తోందా?" తేన్మొళి గొంతు పెంచింది. ఆటో అతను అద్దంలోంచి వెనక్కి చూశాడు. "నన్ను ఇంత తిట్టే మనిషి, ఈ ఒక్క మాట చెప్పలేకపోయారా? చూపు పోతే నాకు ఎవరు నూనె రాస్తారు?"

"నూనె రాయడానికి కళ్లెందుకు?" అంది వడివాంబాళ్. అంటూనే ఏడ్చింది. తేన్మొళి ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఆసుపత్రి గేటు వచ్చేదాకా వదల్లేదు.

కళ్లలో చుక్కలు వేశారు, ఫోటోలు తీశారు. చిన్నవయసు డాక్టరమ్మ గళ్లున్న కాగితం ఒకటి చూపిస్తే వడివాంబాళ్ "ఇది రిచీ స్ట్రీట్‌లో ఇంకా పెద్దది చూసే వచ్చాను" అంది. డాక్టరమ్మ విషయమంతా విని ఆశ్చర్యపోయింది. కంటి వెనక పొర కింద కొత్తగా రక్తనాళాలు పుట్టి నీరు ఊరుతోందని, ఇంకా ఆలస్యమైతే ఆ కంట్లో నడిమి చూపు పోయేదని చెప్పింది. నెలనెలా కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వాలంది.

"కంట్లోకి సూదా?" వడివాంబాళ్ కుర్చీలో వెనక్కి జరిగింది. "ఎన్నో నంబరు సూది?"

"ముప్పై."

"ముప్పయ్యా! గోనెసంచి కుట్టడానికి కూడా అంత లావు సూది వాడరు కదమ్మా!"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. కుట్టుమిషన్ సూదులకి నంబరు పెరిగేకొద్దీ లావు పెరుగుతుందని తేన్మొళి చెప్పాక ఆమె పకపకా నవ్వి, ఇక్కడ నంబరు పెరిగితే సూది సన్నబడుతుందని చెప్పింది. ఆవిడ నమ్మలేదు. చివరికి ఒక సూది తెచ్చి చూపించాక, ఎడమ కంటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, పనివాడితనం ఉంది" అని ఒప్పుకుంది.

ఇంజెక్షన్ రోజున ఇళంగో షిఫ్టు మార్చుకుని వచ్చాడు. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. తలుపు బయట తల్లి గొంతు వినపడుతుంటే అతను పళ్లు బిగపట్టి కూర్చున్నాడు. వడివాంబాళ్ లోపల నర్సుకి, ఆమె తొడుక్కున్న గౌను చంకలో కుట్టు విడిపోతోందని చెబుతోంది. కాసేపటికి మాటలు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుని, కంటికి కట్టుతో ఆవిడ బయటికొచ్చింది.

"ఏమీ లేదు. దోమ కూడా ఇంతకన్నా గట్టిగా కుడుతుంది. పాపం ఆ నర్సు పిల్ల చెయ్యే, నేను పట్టుకుంటే కందిపోయింది."

ఇంటికొచ్చాక ఇళంగో, "అమ్మా, నువ్వు ఇంక వంటగదిలోకి..." అని మొదలుపెట్టాడు. తేన్మొళి మొగుడి కాలు తొక్కింది. కట్టు విప్పిన మర్నాడు బియ్యం చేట తీసుకొచ్చి అత్తగారి ముందు పెట్టి, "రాళ్లేరండి, నాకు ఫైళ్లున్నాయి" అని వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఇళంగో పంటికింద రాయి పడింది. భార్య వైపు చూశాడు. ఆమె చూసిన చూపుకి నోట్లోదంతా మింగేసి, సాంబారు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

మూడో ఇంజెక్షన్ అయ్యాక అత్తాకోడళ్లు మళ్లీ రిచీ స్ట్రీట్ మెట్లెక్కారు. వాళ్లని చూడగానే సిక్కందర్ చేతిలో పని వదిలేసి బల్ల కింది నుంచి మానిటర్ తీశాడు. గుడ్డ మీద దుమ్ము పేరుకుంది. వైరు తగిలించి గళ్లు పెట్టి, తను పక్కకి తప్పుకున్నాడు.

వడివాంబాళ్ ఎడమ కన్ను మూసుకుంది.

"తిన్నగా ఉంది" అంది. మళ్లీ చూసి, "కాదు. ఇదిగో, ఇక్కడ కొంచెం. దారం వదులైనట్టు. అంతే. మసక పోయింది."

సిక్కందర్ "అల్లా చల్లగా చూశాడు" అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీరు వెళ్లాక నేనూ ఒక్కో కన్నూ మూసి చూసుకున్నానమ్మా. మనసు ఆగక మా ఆవిణ్ణి కూడా తీసుకొచ్చి కూర్చోబెట్టాను."

"ఏమంది?"

"గీతలన్నీ తిన్నగానే ఉన్నాయంది. పాతికేళ్ల పెళ్లిలో మొదటిసారి కొట్టుకి రమ్మన్నావు, సినిమాకి కాదు కళ్లు చూడ్డానికా అని తిట్టింది."

"తీసుకెళ్లు సినిమాకి. ఇప్పుడు ధర చెప్పు."

అతను చెప్పాడు. వడివాంబాళ్ గుండె మీద చెయ్యి వేసుకుంది, ఇది దోపిడీ అంది, మానిటర్ అంచున గీరుకున్న చోటు చూపించింది, కాలు వదులుగా ఉందంది, లేచి మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తేన్మొళి మధ్యలో కలగజేసుకోలేదు. స్టూలు మీద కూర్చుని మసాలా వడ తింటూ, అత్తగారి గొంతు పైకి లేచినప్పుడల్లా హాయిగా వింది. చివరికి సిక్కందర్ ఓడిపోయి, వైరు కూడా ఊరికే ఇచ్చి, దండం పెట్టాడు. బస్సులో వడివాంబాళ్ మానిటర్ పెట్టెని ఒళ్లో పెట్టుకుని, కోడలు ఎంత అడిగినా ఇవ్వలేదు.

తేన్మొళి మెడ బాగుపడింది. కానీ మానిటర్ పూర్తిగా ఆమెది కాలేదు. రోజూ ఒక్కో కంటితో గళ్లు చూసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్ని వడివాంబాళ్ గూట్లో పడేసి, "ఆ చీటీ ఎవరు చూస్తారు, పెద్దదాంట్లో పెట్టు" అని పొద్దున్నే కోడలి కుర్చీ ఆక్రమించేది. తను చూసుకోవడం అయ్యాక వీధిలో ఆడవాళ్లని ఒక్కొక్కళ్లనే పిలవడం మొదలుపెట్టింది. పూలమ్మే రాజకుమారి వచ్చింది, ఇస్త్రీ కొట్టు పేచియమ్మ వచ్చింది. చెప్పులు గుమ్మం బయట వరసలో ఉంటే తేన్మొళి కాఫీ గ్లాసు పట్టుకుని తన కుర్చీ కోసం ఎదురుచూస్తూ నిలబడేది.

"కన్ను గట్టిగా నొక్కకే, ఊరికే కప్పు. గీతలెలా ఉన్నాయి?"

"తిన్నగా ఉన్నాయక్కా."

"అయితే లే. తరవాతి మనిషిని రానీ."

ఒక పొద్దున ఎదురింటి చెల్లక్కన్ను వచ్చింది. బజ్జీల బండి నడుపుకునే మనిషి, పకోడీలు వదిలేసి వచ్చానని గోల పెడుతూ కూర్చుంది. కుడి కన్ను కప్పుకుని తిన్నగా ఉన్నాయంది. ఎడమ కన్ను కప్పుకుంది. గోల ఆగిపోయింది. చెయ్యి తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"అక్కా, నీ కంప్యూటర్ పాడైనట్టుంది" అంది చిన్న గొంతుతో.

వడివాంబాళ్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆమె తడిచేతిని తన చెంగుతో తుడిచింది. "పాడవలేదు తల్లీ. పద, చెప్పులేసుకో. బండి సంగతి నీ మొగుడు చూసుకుంటాడు. నేనూ వస్తున్నా."

తేన్మొళి లోపలికి పరుగెత్తి అత్తగారి సంచీ, నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. ఇద్దరు ఆడవాళ్లూ చేతులు పట్టుకుని వీధి దాటారు. మూల తిరగబోతూ వడివాంబాళ్ వెనక్కి చూసి కేకేసింది.

"పొయ్యి మీద కుక్కర్లో పప్పుంది, రెండు కూతలకి దించెయ్! నేనొచ్చేసరికి ఆలస్యమవుతుంది."